అదే గ్రౌండు... అదే పరుగు... ఒకరికే దమ్ము!

ఇద్దరూ ఒకే అలారానికి లేస్తారు. ఒకే గిన్నెలోని రాగిజావ తాగుతారు. ఒకే గ్రౌండులో పక్కపక్కనే పరిగెడతారు. నాలుగు నెలలు తిరిగేసరికి ఒకడు గుర్రమైపోయాడు. రెండోవాడు ఎక్కడున్నాడో అక్కడే ఉన్నాడు. ‘వీడికి ఒళ్లు వంగదు’ అని ఇంట్లో తీర్మానించేశారు. లోపం నిజంగా బద్ధకంలోనే ఉందా? లేక ఒంట్లోని జన్యువుల్లో ఉందా?

తెల్లవారుజామున నాలుగున్నర. వరంగల్ వైపు ఓ చిన్న పట్టణం. వీధిలైట్లు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. జూనియర్ కాలేజీ గ్రౌండులో మాత్రం అప్పటికే బూట్ల చప్పుడు మొదలైపోయింది. అది 2022. తెలంగాణలో పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగాలకు నోటిఫికేషన్ పడిన ఏడాది. మగపిల్లలు 1600 మీటర్ల దూరాన్ని 7 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తాలి. ఆ గీత దాటినవాళ్లకే లాంగ్‌జంప్, షాట్‌పుట్. ఒక్క సెకను ఎక్కువైనా బ్యాగు సర్దుకుని బస్సెక్కాల్సిందే.

ఆ గుంపులో ఓ బావా బావమరిదీ ఉన్నారు. బావ ఊరు దూరం. అందుకని ప్రిపరేషన్ కోసం మేనమామ ఇంటికొచ్చి ఉంటున్నాడు. జూన్‌లో గ్రౌండులో దిగినరోజు బావ 1600 మీటర్లకు 8 నిమిషాల 10 సెకన్లు తీసుకున్నాడు. బావమరిదికి పట్టింది 8 నిమిషాల 5 సెకన్లే. అంటే మొదట్లో ముందున్నది బావమరిదే. ‘బావా, నువ్వు నా ఎనకే రావాలె’ అంటూ ఏడిపించేవాడు కూడా.

వారానికి నాలుగు రోజులు గ్రౌండు చుట్టూ అవే నాలుగు రౌండ్లు. సెప్టెంబరు ఆఖరికి బావ టైము 6 నిమిషాల 50 సెకన్లకు దిగింది. బావమరిది టైము 7 నిమిషాల 52 సెకన్లు. నాలుగు నెలల కష్టానికి తగ్గింది పదమూడు సెకన్లు! ఒకరోజు బాగా పరిగెత్తినట్టు అనిపిస్తే మర్నాడు మళ్లీ మొదటికే వచ్చేది.

ఇంట్లో అన్నం దగ్గర మాటలు మొదలయ్యాయి. ‘ఒక్కటే తిండి, ఒక్కటే గ్రౌండు. బావ ఉరుకుతున్నడు, నీకేమైంది రా?’ అని నాన్న. ‘రాత్రిళ్లు ఫోన్ చూస్తడు, ఇంకెక్కడి దమ్ము’ అని అమ్మ. ఫోన్ చూడని రాత్రుల సంగతి ఎవరికీ తెలీదు. పిల్లాడు తలొంచుకుని కంచంలో చెయ్యి కడుక్కునేవాడు. బావకు ముద్ద దిగేది కాదు. పొద్దున గ్రౌండులో తన పక్కనే ఎవరెంత ఆయాసపడుతున్నారో చూస్తున్నది అతనొక్కడే మరి!

ఇలాంటి ఇళ్లు చాలానే ఉంటాయి. డాక్టరు చెప్పారని భార్యాభర్తలిద్దరూ కలిసి వాకింగ్ మొదలుపెడతారు. మూడు నెలలకు ఆవిడ మెట్లు చకచకా ఎక్కేస్తుంది. ఆయన రెండో అంతస్తు దగ్గర ఆగి రెయిలింగ్ పట్టుకుంటాడు. ‘సరిగ్గా నడవరు, కబుర్లతోనే సరిపెడతారు’ అని ఆవిడ ఫిర్యాదు. అందరం ఒకే లెక్క వేస్తాం. కష్టం సమానమైతే ఫలితమూ సమానమే అవ్వాలని. ఆ లెక్క నిజమేనా అని చూసిన శాస్త్రవేత్త ఒకాయన ఉన్నారు.

కవలల్ని సైకిలెక్కించిన ప్రొఫెసర్

ఆయన పేరు క్లాడ్ బౌచర్డ్. కెనడాలోని క్యుబెక్‌లో ఉన్న లవాల్ యూనివర్సిటీలో పనిచేసేవారు. 1980ల్లో ఆయన బృందం పది జతల కవలల్ని ఎంచుకుంది. ముఖమే కాదు, జన్యువులూ ఒకేలా ఉండే కవలలు వీళ్లు. వాళ్లందరికీ 20 వారాలపాటు ఒకే రకమైన వ్యాయామం చేయించారు. ఫలితాలు చూస్తే, కొన్ని జంటల్లో దమ్ము బాగా పెరిగింది. కొన్నింటిలో అంతంతమాత్రమే. అయితే ఒక జంటలో అన్నకు పెరిగితే తమ్ముడికీ దాదాపు అంతే పెరిగింది. అన్నకు పెరక్కపోతే తమ్ముడిదీ అదే దారి. జంటకూ జంటకూ మధ్య ఉన్న తేడా, ఒక జంటలోని ఇద్దరి మధ్య ఉన్న తేడాకంటే చాలా రెట్లు ఎక్కువ.

పదంటే పదే జంటలు కదా, అంతమాత్రానికే నమ్మేయాలా? బౌచర్డ్‌కీ ఆ అనుమానమే వచ్చింది. అందుకే 1990ల్లో అమెరికా, కెనడాల్లోని కొన్ని యూనివర్సిటీలు కలిసి ఓ పెద్ద అధ్యయనం తలపెట్టాయి. దాని పేరు ‘హెరిటేజ్ ఫ్యామిలీ స్టడీ’. విడివిడిగా మనుషుల్ని కాకుండా ఏకంగా కుటుంబాలనే పిలిచారు. అమ్మా నాన్నా పిల్లలూ అందరూ కలిసి రావాలి. అప్పటిదాకా వ్యాయామం అలవాటు లేనివాళ్లే అయ్యుండాలి.

వారానికి మూడు రోజుల చొప్పున 20 వారాలు వాళ్లంతా కదలని సైకిళ్లు తొక్కారు. మొదట్లో అరగంట, క్రమంగా పెంచుతూ చివరికి 50 నిమిషాలు. ఇక్కడే ఓ కిటుకు ఉంది. సైకిళ్లను కంప్యూటర్‌తో కలిపారు. తొక్కే మనిషి గుండె వేగాన్ని బట్టి సైకిల్ బరువు దానంతటదే మారుతుంది. అంటే ఎవరి శక్తికి తగ్గట్టు వాళ్లు సమానంగా కష్టపడాల్సిందే. ‘వాడు సరిగ్గా తొక్కలేదు’ అనే మాటకు తావే లేదు.

వాళ్లలో 98 కుటుంబాలకు చెందిన 481 మంది ఫలితాలు 1999లో అచ్చయ్యాయి. కొలిచింది ఒంటి దమ్మును. డాక్టర్ల భాషలో ‘వీఓటూ మ్యాక్స్’. గట్టిగా శ్రమపడుతున్నప్పుడు ఒళ్లు నిమిషానికి గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదన్న లెక్క అది. సగటున ప్రతి ఒక్కరికీ సుమారు 400 మిల్లీలీటర్లు పెరిగింది. బానే ఉంది కదా! కానీ సగటు వెనక దాక్కున్న కథే అసలు కథ. కొందరికి లీటరుకు పైగా పెరిగింది. కొందరికి దాదాపు ఏమీ పెరగలేదు. ఇరవై వారాలు, అరవై పూటలు చెమటోడ్చినా సరే!

ఇంటింటి లెక్క తీస్తే సంగతి ఇంకాస్త తేటపడింది. ఒకే కుటుంబంలోని వాళ్ల మధ్య ఉన్న తేడాతో పోలిస్తే కుటుంబానికీ కుటుంబానికీ మధ్య తేడా రెండున్నర రెట్లు ఉంది. వ్యాయామంతో దమ్ము పెరగడంలో మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాలో గరిష్ఠంగా 47 శాతం వంశం నుంచి వచ్చిందేనని తేల్చారు. ఇంటి తిండి, అలవాట్ల పాత్ర కూడా అందులో కొంత కలిసి ఉండొచ్చు కనుకే ‘గరిష్ఠంగా’ అన్నమాట వాడారు. ఇంకో విశేషమూ ఉంది. మొదటిరోజు ఎవరి దమ్ము ఎంతుందన్న దానికీ, తర్వాత ఎంత పెరిగిందన్న దానికీ సంబంధం దాదాపుగా లేదు. జూన్‌లో ఐదు సెకన్లు ముందున్న బావమరిది సెప్టెంబరుకు అంత వెనకబడటంలో వింతేమీ లేదన్నమాట.

ఒంట్లో జరిగే పని

అసలు వ్యాయామం చేస్తే దమ్ము ఎలా పెరుగుతుంది? గాలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. అక్కడ రక్తంలోని హిమోగ్లోబిన్ లారీలాగా ఆక్సిజన్‌ను ఎక్కించుకుంటుంది. గుండె ఆ లారీలను కండరాలకు తోలుతుంది. వెంట్రుకలకన్నా సన్నటి రక్తనాళాలు సందుల్లోకి చేరవేస్తాయి. చివరకు కణాల్లోని మైటోకాండ్రియా అనే చిన్నచిన్న పొయ్యిల్లో అది ఖర్చవుతుంది. రోజూ పరిగెత్తేవాళ్లలో ఇవన్నీ మారతాయి. రక్తం పరిమాణం పెరుగుతుంది. గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం నెడుతుంది. కండరాల్లో సన్నటి నాళాలూ, పొయ్యిలూ పెరుగుతాయి.

ఈ మరమ్మతులన్నింటికీ హుకుం జారీచేసేవి జన్యువులే. ఒకరి ఒంట్లో నాలుగు రోజుల పరుగుకే ‘పనివాళ్లను పెంచండి’ అని కబురు వెళ్తుంది. ఇంకొకరి ఒంట్లో అదే పరుగుకు ‘ఉన్నవాళ్లతోనే సర్దుకోండి’ అన్న జవాబొస్తుంది. పరిగెత్తే మనిషి పడే ఆయాసం మాత్రం ఇద్దరిదీ ఒకటే.

అరుదుగా ఒకే ఒక్క జన్యువు కూడా అద్భుతం చేస్తుంది. ఫిన్లాండ్‌కు చెందిన ఈరో మాంటీరాంటా 1964లో ఇన్స్‌బ్రక్ వింటర్ ఒలింపిక్స్‌లో స్కీయింగ్‌లో రెండు బంగారు పతకాలు గెలిచాడు. మొత్తం ఒలింపిక్ పతకాలు ఏడు. అతని రక్తంలో హిమోగ్లోబిన్ మామూలు మనుషులకన్నా చాలా ఎక్కువ. ‘రక్తంలో ఏదో కలుపుకుని ఉంటాడు’ అని గుసగుసలు పోయారు. 1990ల్లో శాస్త్రవేత్తలు అతని బంధువుల రక్తం పరీక్షిస్తే నిజం బయటపడింది. ఎర్ర రక్తకణాల తయారీని అదుపుచేసే వ్యవస్థలో ఒక జన్యువు పుట్టుకతోనే మారింది. ఆ మార్పు తరతరాలుగా ఆ కుటుంబంలో నడుస్తోంది.

కానీ మనలాంటి మామూలు మనుషుల్లో అలా ఒక్క జన్యువు మీద నింద వేసి చేతులు దులుపుకోలేం. 2011లో బౌచర్డ్ బృందమే మరో లెక్క చెప్పింది. జన్యువుల్లో 21 చోట్ల ఉండే చిన్నచిన్న తేడాలను లెక్కేసి చూస్తే, అనుకూలమైన మార్పులు 9 అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లకు సగటున 221 మిల్లీలీటర్లు, 19 అంతకన్నా ఎక్కువ ఉన్నవాళ్లకు 604 మిల్లీలీటర్లు పెరిగాయి. అయితే ఒకచోట దొరికిన జన్యువు ఇంకోచోట వెతికితే చాలాసార్లు దొరకలేదు. 2017లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ ఒకచోట పేర్చి చూస్తే 97 జన్యువుల పేర్లు తేలాయి. వాటిలో వేర్వేరు బృందాలు ఔనన్నవి కొన్నే. ఇది పెద్ద ఉమ్మడి కుటుంబం లాంటిది. అందరి మాటా కొంచెం కొంచెం చెల్లుతుంది.

ఇక్కడ తల్లిదండ్రులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ‘మీ పిల్లాడి ఉమ్మి పంపండి, ఏ ఆటకు పనికొస్తాడో చెబుతాం’ అనే జన్యుపరీక్షలు మార్కెట్లోకి వచ్చాయి. 2015లో క్రీడావైద్య నిపుణులు ఒక ఉమ్మడి ప్రకటన చేశారు. పిల్లల్లో ప్రతిభను గుర్తించడానికిగానీ, ఎలాంటి శిక్షణ ఇవ్వాలో తేల్చడానికిగానీ ఇలాంటి పరీక్షలు పనికిరావన్నది దాని సారాంశం. ఆ డబ్బుతో పిల్లాడికి మంచి బూట్లు కొనిపెట్టడం నయం!

మందు మార్చిన సారు

గ్రౌండులో పొద్దున్నే వాకింగ్‌కు వచ్చే రిటైరైన పీఈటీ సారు ఒకాయన ఉన్నారు. చంకలో పాత నోటుపుస్తకం, మెడలో స్టాప్‌వాచ్. అడక్కుండానే పిల్లల టైములు రాసుకోవడం ఆయన అలవాటు. అక్టోబరు మొదటివారంలో ఒకరోజు బావమరిది పరుగు మధ్యలో ఆపేసి గోడ దగ్గర కూర్చుండిపోయాడు. సారు వెళ్లి పక్కన కూర్చున్నారు.

‘సార్, నా ఒంట్ల దమ్ము లేదు. మా ఇంట్ల ఎవ్వరికీ లేదంట’ అన్నాడు పిల్లాడు.

సారు నోటుపుస్తకం తెరిచి చూపించారు. ‘నాలుగు నెలల్ల ఒక్కరోజు నువ్వు నాగా పెట్టలె. ఇగ నీది బద్ధకమెట్ల అయితది? నాలుగు నెలలు ఒక్కటే గోలీ ఏసినం, జరం తగ్గలె. మందు మార్చాల్నా, రోగిని తిట్టాల్నా?’

ఆ పల్లెటూరి పోలికలో ఎంత నిజం ఉందో ల్యాబుల్లో తేలింది. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో డేవిడ్ మోంటెరో, కార్స్టెన్ లుండ్‌బీ అనే పరిశోధకులు 78 మంది ఆరోగ్యవంతులను ఐదు జట్లుగా చేశారు. ఒక జట్టుకు వారానికి ఒక గంట సైకిల్ వ్యాయామం. మిగతావాటికి రెండు, మూడు, నాలుగు, ఐదు గంటలు. ఆరు వారాల తర్వాత చూస్తే... గంట జట్టులో 69 శాతం మందికి ఫలితం కనిపించలేదు. రెండు గంటల జట్టులో అలాంటివాళ్లు 40 శాతం. మూడు గంటల జట్టులో 29 శాతం. నాలుగు, ఐదు గంటల జట్లలో ఒక్కరంటే ఒక్కరు లేరు! ఫలితం కనిపించనివాళ్లతో మరో ఆరు వారాలు, వారానికి రెండు గంటలు అదనంగా చేయించారు. అందరికీ శక్తి పెరిగింది. ఇది 2017లో వచ్చిన ఫలితం.

అంతకు రెండేళ్ల ముందు, 2015లో, కెనడాలోని క్వీన్స్ యూనివర్సిటీ పరిశోధనలోనూ ఇదే కనిపించింది. ఊబకాయం ఉన్న పెద్దవాళ్లతో 24 వారాలు వ్యాయామం చేయించారు. తేలిగ్గా, తక్కువసేపు చేసినవాళ్లలో దాదాపు 39 శాతం మందికి దమ్ము పెరగలేదు. తేలిగ్గానే అయినా ఎక్కువ మోతాదులో చేసినవాళ్లలో అది 18 శాతానికి తగ్గింది. ఎక్కువ మోతాదులో, గట్టిగా చేసినవాళ్లలో అలాంటివారు ఒక్కరూ మిగల్లేదు. 2016లో అదే యూనివర్సిటీలో 21 మందితో రెండు రకాల వ్యాయామాలూ విడివిడిగా చేయించారు. నిదానంగా చాలాసేపు తొక్కితే ఫలితం రాని కొందరికి, కొద్దిసేపు గట్టిగా తొక్కి ఆగుతూ చేస్తే వచ్చింది.

అంటే జన్యువులు తలుపు మూసేయవు. ఎవరి తలుపు ఎంత గట్టిగా తట్టాలో మాత్రం అవి నిర్ణయిస్తాయి.

సారు మొదట చేయించింది పరుగు కాదు, రక్తపరీక్ష. రక్తం తక్కువుంటే ఎంత పరిగెత్తినా దమ్ము రాదు. మనకు అది మామూలు సమస్యే. పిల్లాడి హిమోగ్లోబిన్ బానే ఉంది. నిద్ర సంగతి అడిగారు. ఆరు గంటలు కూడా లేదు. రాత్రి చదువు తొమ్మిదిన్నరకల్లా ఆపించారు. ఆ తర్వాత పరుగు తీరు మార్చారు. రోజూ అవే నాలుగు రౌండ్లు మానేయించారు. వారానికి రెండు రోజులు గ్రౌండు చుట్టూ ఒక్క రౌండు గట్టిగా ఉరికి, రెండు నిమిషాలు నడిచి, మళ్లీ ఉరకడం. ఒకరోజు మాట్లాడుతూ పరిగెత్తగలిగే వేగంతో ఊరి చెరువుదాకా వెళ్లి రావడం. రెండు రోజులు తేలిక పరుగు. మిగతా రెండు రోజులు విశ్రాంతి. రోజూ టైము చూసుకోవడం మాత్రం బంద్. ‘ఒక్కరోజు లెక్క నమ్మొద్దు. ఎండ, నిద్ర, తిండి... అన్నీ సెకన్లను మింగుతయ్’ అనేవారాయన.

నవంబరు మధ్యలో పెట్టిన పరీక్షలో 7 నిమిషాల 31 సెకన్లు వచ్చింది. డిసెంబరులో అసలు ఈవెంట్లు. బావ 6 నిమిషాల 44 సెకన్లకు గీత దాటి, పక్కకు వెళ్లకుండా అక్కడే నిలబడ్డాడు. ‘ఇంకొంచెమే బామ్మర్దీ, చేతులు ఊపు!’ అని గొంతు పోయేలా అరిచాడు. బావమరిది 7 నిమిషాల 9 సెకన్లకు గీత దాటి కిందపడ్డాడు. ఆరు సెకన్ల తేడా. బావలా అతను ఎప్పటికీ పరిగెత్తలేకపోవచ్చు. కానీ కావాల్సింది బావ టైము కాదుగా, తన గీత!

నాన్న అడిగిన ప్రశ్న

కథ అంతటితో సుఖాంతమని చెప్పడానికి లేదు. రాతపరీక్ష మార్కులన్నీ కలిపాక తుది జాబితాలో బావ పేరుంది. బావమరిది పేరు లేదు. కొన్ని మార్కుల దూరంలో ఆగిపోయింది. ఇంట్లో బాధపడ్డారు గానీ ఈసారి ఎవరూ ‘ఒళ్లు వంగదు’ అనలేదు. అతను మళ్లీ పుస్తకాలు తీశాడు. పొద్దున గ్రౌండుకు వెళ్లి, కొత్తగా వచ్చే పిల్లల టైములు సారు నోటుపుస్తకంలో రాస్తున్నాడు. నాలుగు వారాలైనా టైము మారని పిల్లాడు కనిపిస్తే పేరు కింద ఒక గీత గీస్తాడు. తిట్టడానికి కాదు, మందు మార్చడానికి.

మారింది అతనొక్కడే కాదు. షుగర్ వచ్చిన దగ్గర్నుంచీ నాన్నను నడవమని డాక్టరు చెబుతూనే ఉన్నారు. ‘నడిచినా నాకు ఆయాసం తగ్గది, ఎందుకు నడవాలె’ అని ఆయన వాదన. కొడుకు పట్టుబట్టి వెంట తీసుకెళ్లాడు. ఆరు నెలల తర్వాత కూడా ఆయన ఆయాసం పెద్దగా తగ్గలేదు. కానీ పరగడుపు షుగర్ దిగింది. బీపీ మాత్ర సగమైంది. ఇది కూడా కొత్తేమీ కాదు. దమ్ము పెరగనివాళ్లకు వ్యాయామం దండగని శాస్త్రవేత్తలు ఎక్కడా చెప్పలేదు. దమ్ము, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్... ఒక్కోదానికీ ఒళ్లు ఒక్కోలా స్పందిస్తుంది. ఒక ఖాతాలో జమ పడకపోతే ఇంకో ఖాతాలో పడుతుంది.

ఒకరోజు వాకింగ్ అయ్యాక గ్రౌండు గోడ మీద కూర్చుని నాన్న ఓ పాత సంగతి విప్పాడు. 1986లో ఆయన ఆర్మీ సెలెక్షన్లకు సికింద్రాబాద్ వెళ్లాడు. ఆరు నెలలు ఊరి బాట మీద రోజూ ఉరికి మరీ వెళ్లాడు. మైలు పరుగులో వెనకబడి తిరిగొచ్చాడు. ఊళ్లో అందరూ ‘దమ్ములేనోడు’ అన్నారు. వాళ్ల నాన్న కూడా అదే అన్నాడు. ఆ మాట ముప్పయ్యారేళ్లు లోపల దాచుకుని, చివరికి అన్నం దగ్గర తన కొడుకు మీద విసిరాడు. ఇంటి ఆస్తిలా వచ్చింది ఒంటి తీరే కాదు, ఆ మాట కూడా!

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆయనే సారు వైపు తిరిగి మెల్లగా అడిగాడు.

‘సార్, అప్పట్ల నాక్కూడా మందు మారిస్తే... టైము తగ్గేదా?’

సారు నోటుపుస్తకంలో కొత్త పేజీ తిప్పి, పైన ఆయన పేరు రాశారు.

‘రేపు పొద్దుగాల ఐదింటికి రా. చూద్దాం!’